మునుగు బొమ్మనౌకకు నీటితొట్టి యెంత యుండవలెను?

గొట్టపు ముక్కయు, చిన్న విద్యుత్తు మోటారును, బ్యాటరీలును, నాలుగు రేకు ముక్కలును సంపాదించిన యెడల జలాంతర్గామి నౌకను బోలిన బొమ్మను చేయుట విద్యార్థులకు కష్టము కాదు. దానిని నీటిపై నడుపుటయు కష్టము కాదు. కష్టమంతయు దానిని మనము కోరినప్పుడు ముంచుటలోను, మునిగిన దానిని మరల పైకి తెచ్చుటలోను గలదు. ఈ పని చేయునది నౌక కడుపులో నుండు నీటితొట్టి. దీనిని నావికులు బ్యాలస్టు ట్యాంకు అందురు. తొట్టిలోనికి నీరు రాగా నౌక బరువెక్కి మునుగును; ఆ నీటిని వెడలగొట్టగా తేలికయై తేలును.

ఈ తొట్టిని పలువురు కంటికొలతతో చేయుదురు. అది చాలనంత చిన్నదైన, ఎంత నీరు పట్టినను నౌక వీపు నీటిపైననే నిలిచి యుండును. తగిన దానికంటె నీరు అధికముగా పట్టిన, నౌక రాయివలె చెరువడుగునకు దిగిపోవును. నెలల తరబడి పడిన శ్రమయు, తల్లిదండ్రు లిచ్చిన పైకమును దానితో కూడ అడుగు బురదలో చేరును. ఈ రెండు నష్టములును ఒక చిన్న లెక్క చేయకపోవుటచేతనే కలుగుచున్నవి. ఆ లెక్కకు హైస్కూలు గణితమునకు మించిన విద్య అక్కరలేదు.

ఆ లెక్క యొక్క సారము ముందుగనే చెప్పుదును. తొట్టి యెంత పెద్దదిగా నుండవలెనో నిర్ణయించునది నౌక యొక్క పొడవు కాదు, దాని బరువును కాదు. తేలునప్పుడు నౌకలో ఎంత భాగము నీటిపైన నుండునో, ఆ భాగమే తొట్టి పరిమాణమును నిర్ణయించును. ఇది యెట్లో క్రమముగా చూతము.

బిందెయు, గడియగిన్నెయు

నూతిలోనికి వట్టి బిందెను విడిచిన అది తేలును. చేంతాడు నొకసారి విదిలించి బిందె మూతిని వంచిన, బుడబుడమని గాలి వెలుపలికి వచ్చి నీరు లోపలికి పోవును, బిందె మునుగును. ఇచ్చట ఇత్తడి మారలేదు, బిందె ఆకారమును మారలేదు. లోపలి గాలికి బదులు నీరు చేరి బరువు మాత్రము పెరిగినది.

పూర్వము మన దేశమున కాలము కొలుచుటకు వాడిన ఘటికాయంత్రము కూడ ఈ ధర్మము ననుసరించినదే. అడుగున సన్నని రంధ్రము గల పలుచని రాగిగిన్నెను నీళ్లపాత్రలో తేలవిడిచెడివారు. నీరు మెల్లమెల్లగా నెక్కి, 24 నిమిషములకు, అనగా ఒక గడియకు, గిన్నె మునిగెడిది. ఎంత నీరు చేరిన గిన్నె మునుగునో తెలియకయే ఇట్టి యంత్రమును సరిగా చేయుట యసాధ్యము. కాని ఆ గిన్నె తనంతట తాను మరల పైకి రాజాలదు. ఎవరైన చేయి పెట్టి తీయవలెను. జలాంతర్గామికి చేయి పెట్టువారు లేరు. కావున అది పట్టిన నీటిని తానే వెడలగొట్టుకొనవలెను.

1776లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలమున డేవిడ్ బుష్నెల్ అనునతడు నిర్మించిన 'టర్టిల్' అను ఒంటరి మనుష్యుని నౌక న్యూయార్కు రేవులో ప్రయోగింపబడెను. దానిలోని నావికుడు కాలితో వాల్వు నొక్కి అడుగు తొట్టిలోనికి నీరు రానిచ్చి మునిగెడివాడు. చేతిపంపులతో ఆ నీటిని వెడలగొట్టి తేలెడివాడు. నేటి జలాంతర్గాములు ఎంత గొప్పవైనను ఈ మూలసూత్రమును విడువలేదు.

లెక్కకు మూలము

ఆర్కిమిడీస్ సూత్రమును తరగతిలో చదివినారు. నీటిలో నుంచిన వస్తువు తాను తొలగించిన నీటి బరువెంతయో అంత బలముతో పైకి నెట్టబడును. తేలుచున్న వస్తువు విషయమున, తొలగిన నీటి బరువు ఆ వస్తువు బరువునకు సమానము. పూర్తిగా మునిగిన వస్తువు తన ఘనపరిమాణ మంతయు నీటిని తొలగించును.

ఇప్పుడు ఒకే నౌకను రెండు స్థితులలో చూడుడు. మొదటిది తేలుచున్న స్థితి: దాని మేనిలో కొంత భాగము నీటిలోను, కొంత నీటిపైనను ఉన్నది. రెండవది మునిగిన స్థితి: అంతయు నీటిలోనే యున్నది. రెండవ స్థితిలో అధికముగా తొలగిన నీరెంత? మునుపు నీటిపైన నున్న భాగమెంతయో అంత. ఆ మేరకు నౌకను నీరు ఎక్కువగా పైకి నెట్టును. ఆ నెట్టుటకు ప్రతిగా నౌక బరువు కూడ అంతే పెరుగవలెను. ఆ బరువును తెచ్చునది తొట్టిలోని నీరే. కావున,

తొట్టి పట్టవలసిన నీరు = తేలునప్పుడు నీటిపైన నుండు భాగముల ఘనపరిమాణము.

మంచినీరు ఒక ఘన సెంటీమీటరు సుమారు ఒక గ్రాము తూగును గాన, ఘన సెంటీమీటర్లకును గ్రాములకును భేదము లేక లెక్క మిక్కిలి సులభమగును.

ఇచ్చట ఒక సంగతి జాగ్రత్తగా గ్రహింపవలెను. "నీటిపైన నుండు భాగము" అనగా కంటికి కనబడు ఆకారమని భావింపరాదు. నీరు చొరని భాగమునే లెక్కింపవలెను. నౌక వీపుపై నుండు గోపురమును చూడుడు. అది 8 సెంటీమీటర్ల పొడవు, 3 వెడల్పు, 6 ఎత్తు గల మూసిన పెట్టెగా నున్న, 144 ఘన సెంటీమీటర్లు. దానిని ముంచుటకు 144 గ్రాముల నీరు కావలెను. అదే గోపురమును పలుచని ప్లాస్టిక్ రేకుతో బోలుగా చేసి, అడుగున నీరు వచ్చుటకును పైన గాలి పోవుటకును రంధ్రములు పెట్టిన, మునుగునప్పుడు నీరు స్వేచ్ఛగా దానిలో నిండును. అప్పుడు లెక్కకు వచ్చునది రేకు మందము మాత్రమే. అది 20 ఘన సెంటీమీటర్లకు మించదు. కంటికి రెండు గోపురములును ఒక్కటియే. తొట్టికి మాత్రము 124 ఘన సెంటీమీటర్ల భేదము. నిజమైన జలాంతర్గాములలో కూడ గోపురపు కవచమును, పైతట్టు క్రింది భాగమును నీరు స్వేచ్ఛగా చొచ్చునట్లే కట్టుదురు.

ఒక నౌకకు లెక్క

75 మిల్లీమీటర్ల వెలుపలి వ్యాసము గల పి.వి.సి. గొట్టమును తీసికొని, రెండు కొనలను చదునైన మూతలతో మూసి, మొత్తము 50 సెంటీమీటర్ల పొడవు గల మేనిని చేసితి మనుకొందము. వ్యాసార్ధము 3.75 సెంటీమీటర్లు గాన, అడ్డుకోత వైశాల్యము సుమారు 44.2 చదరపు సెంటీమీటర్లు. ఘనపరిమాణము సుమారు 2210 ఘన సెంటీమీటర్లు. బోలు గోపురము, పైతట్టు రేకులు కలిసి 50 అనుకొందము. చుక్కాని, రెక్కలు, ప్రొపెల్లరు మొదలగునవి 40. మొత్తము 2300 ఘన సెంటీమీటర్లు. అనగా మంచినీటిలో ఈ నౌక మునుగుటకును, మునిగి నిలుచుటకును సరిగా 2300 గ్రాములు తూగవలెను. అంతకు తక్కువైన తేలును, ఎక్కువైన అడుగునకు పోవును.

తేలునప్పుడు మేను నీటిపై 1.5 సెంటీమీటర్ల యెత్తు కనబడవలెనని కోరితిమి. నీటిగీతకు పైనున్న అడ్డుకోత ఒక వృత్తఖండము. వృత్తకేంద్రము నుండి నీటిగీతకు దూరము 3.75 లో 1.5 తీసివేయగా 2.25. దీనిని వ్యాసార్ధముతో భాగింప 0.6 వచ్చును. ఇది మీరెరిగిన 3, 4, 5 భుజముల త్రిభుజమే. కొసైను 0.6 గల కోణము 53.13 డిగ్రీలు, అనగా 0.927 రేడియనులు, దాని సైను 0.8. ఖండ వైశాల్యము వ్యాసార్ధ వర్గమును (0.927 − 0.8 × 0.6) తో గుణింపగా వచ్చును. అది సుమారు 6.29 చదరపు సెంటీమీటర్లు. దీనిని 50 తో గుణింప 315 ఘన సెంటీమీటర్లు.

దీనికి గోపురము, పైతట్టు రేకుల 50 కలుపవలెను. చుక్కాని మొదలగునవి ఎల్లప్పుడును నీటిలోనే యుండును గనుక వాటిని కలుపరాదు. మొత్తము 365. ఇదియే తొట్టి పట్టవలసిన నీరు. తొట్టి ఖాళీగా నున్నప్పుడు నౌక 2300 − 365 = 1935 గ్రాములు తూగవలెను.

తొట్టిని 6 సెంటీమీటర్ల లోవ్యాసము గల గొట్టముతో చేసిన, దాని అడ్డుకోత 28.3 చదరపు సెంటీమీటర్లు. 365 ఘన సెంటీమీటర్లకు సుమారు 13 సెంటీమీటర్ల పొడవు చాలును.

అర సెంటీమీటరు విలువ

నీటిపై ఎత్తు కొంచెము మారిన తొట్టి యెంత మారునో చూడుడు. ఇదే నౌక 1 సెంటీమీటరు మాత్రమే పైకి కనబడిన, పైభాగము 175 ఘన సెంటీమీటర్లు. రేకుల 50 తో కలిసి తొట్టి 225. ఎత్తు 1.5 అయిన 365. ఎత్తు 2 అయిన, పైభాగము 473, తొట్టి 523. అనగా ప్రతి అర సెంటీమీటరునకును తొట్టి 150 ఘన సెంటీమీటర్ల వరకు పెరుగుచున్నది. గుండ్రని మేను నీటిగీత యొద్ద వెడల్పుగా నుండుటయే దీనికి కారణము.

దీని ఫలము పైకములో కనబడును. 60 ఘన సెంటీమీటర్ల సిరంజిలతో తొట్టిని చేయువారు 225 కొరకు నాలుగు సిరంజిలు కొనిన చాలును. 365 కొరకు ఏడు, 523 కొరకు తొమ్మిది కావలెను. వాటి నన్నిటిని లాగు మోటారు కూడ బలమైనది కావలెను.

మరియొక ఫలము నిలుకడలో కనబడును. గొట్టము, మోటారు, బ్యాటరీలు, తొట్టి అన్నియు కలిసి 1300 గ్రాములు తూగిన వనుకొందము. మిగిలిన బరువును మేని లోపల అడుగున సీసము పరచి నింపవలెను. 1 సెంటీమీటరు ఎత్తు గల నౌకకు 775 గ్రాముల సీసము పట్టును. 2 సెంటీమీటర్ల దానికి 477 గ్రాములే. అడుగున సీస మధికమైన కొలది నౌక ప్రక్కలకు ఒరగక నిలుచును. కనుక చిన్న తొట్టి గల నౌక కొనుటకు చవుక, నడుపుటకు నిలుకడ. నౌక నీటిపై ఎత్తుగా కనబడవలెనను ముచ్చటకు ఈ రెండు లాభములును వెలయగును.

లెక్కను నీటితో పరీక్షించుట

నౌక మేను గొట్టమువలె సమముగా నుండక, చేపవలె కొనలు సన్నగిలిన దైన పై లెక్క కుదురదు. అప్పుడు నీటినే లెక్క చెప్పుమనవలెను. అంచు వరకు నీరు నింపిన పెద్ద పాత్రను వెడల్పైన పళ్లెములో నుంచుడు. తొట్టి ఖాళీగా నుండగా దాని రంధ్రమును మూసి, నౌకను మెల్లగా నీటి క్రిందికి నొక్కుడు. గోపురములోను, పైతట్టు క్రిందను గాలి బుడగలు చిక్కుకొనకుండ అటునిటు వంచుడు. పొంగి పళ్లెములో పడిన నీటిని కొలపాత్రతో కొలిచిన నౌక యొక్క పూర్తి ఘనపరిమాణము తెలియును. వేళ్లు కూడ మునిగిన వాటి పరిమాణము కూడ కలియును గాన, సన్నని పుల్లలతో నొక్కుట మేలు. పిదప నౌకను తుడిచి త్రాసులో తూచుడు. మొదటి సంఖ్యలో నుండి రెండవ సంఖ్యను తీసివేయగా మిగిలినదే తొట్టి. పై నౌక విషయమున 2300 లో 1935 పోగా 365.

ఈ ఫలమును బరువులతో సరిచూచుకొనవచ్చును. ఇసుక పొట్లములను తూచి మేని లోపల పెట్టి మూతను బిగించి, నౌక వీపు నీటి మట్టమునకు దిగువరకు పెంచుకొనుచు పోవలెను. బరువులు లోపలనే యుండవలెనని మరువకుడు. వెలుపల ఇనుప ముక్కలు కట్టినచో, ఆ యినుము కూడ నీటిని తొలగించి, నూరు గ్రాములకు సుమారు 13 గ్రాముల చొప్పున తన బరువును కోల్పోవును. 365 గ్రాముల పని చేయుటకు 418 గ్రాముల యినుము పట్టును. దానిని నమ్మి తొట్టిని 418 పట్టునట్లు చేసి పూర్తిగా నింపినవాని నౌక 53 గ్రాముల యధికభారముతో అడుగునకు పోవును.

గాలికి చోటు కావలెను

తొట్టిలోనికి నీరు వచ్చిన, అందలి గాలి యెక్కడికి పోవును? ఈ ప్రశ్నను మరచినందున చెడిన నౌకలు పెక్కు. సిరంజి పిడి వెనుకకు లాగబడినప్పుడు, దాని వెనుకనున్న గాలి నౌక మేనిలోనే నొక్కబడును. మన నౌకలో మోటారు మొదలగునవి పోగా 1400 ఘన సెంటీమీటర్ల గాలి యున్నదనుకొందము. 365 ఘన సెంటీమీటర్ల నీరు లోపలికి రాగా ఆ గాలి 1035 లోనికి ఇమిడిపోవలెను. బాయిలు నియమము ప్రకారము దాని పీడనము 1400 ను 1035 తో భాగింపగా వచ్చునంత, అనగా సుమారు 1.35 రెట్లు అగును. ఏడు సెంటీమీటర్ల లోవ్యాసము గల కొనమూతపై ఈ అధిక పీడనము సుమారు 14 కిలోగ్రాముల బరువుతో లోపలినుండి నెట్టినట్లుండును. బలహీనముగా అతికిన మూత ఊడును. మోటారు పిడిని లాగలేక నిలిచిపోవును. తొట్టి చిన్నదైన ఈ కష్టమును తగ్గును: 225 కు పీడనము 1.19 రెట్లే.

తొట్టిని ఎచ్చట నుంచవలెను?

పరిమాణము సరిపోయినంత మాత్రమున పని తీరదు. నీటిపైన నుండిన భాగమునకు పొడవున నడిమి చోటు ఏదియో, తొట్టి నడిమి చోటు సరిగా దాని క్రింద నుండవలెను. లేకున్న నౌక తేలునప్పుడు సమముగా నున్నను మునుగునప్పుడు ముక్కు వంచును.

ఎంత వంచునో లెక్కించి చూడుడు. మునిగిన నౌకలో గురుత్వకేంద్రము ఉత్ప్లవన కేంద్రమునకు 1 సెంటీమీటరు క్రింద నున్న దనుకొందము. 365 గ్రాముల నీటి తొట్టి తగిన చోటికి 3 సెంటీమీటర్లు ముందున్నది. 365 × 3 = 1095; నౌకను నిలువబెట్టు బలము 2300 × 1. మొదటి దానిని రెండవ దానితో భాగింప 0.476, ఇది వంపు యొక్క టాంజెంటు. కోణము సుమారు 25 డిగ్రీలు! మూడు సెంటీమీటర్ల అజాగ్రత్తకు నౌక ఇంటికప్పువలె వాలిపోవును.

సగము నిండిన తొట్టి మరింత అపాయకరము. నౌక ముక్కు కొంచెము వంగగానే నీరు ముందునకు పరుగెత్తి దానిని ఇంకను వంచును. నిండు బిందెలో నీరు కదలదు, సగము బిందెలో తొణకును. ఇదియు అట్టిదే. దీనికి మూడుపాయములు గలవు. తొట్టిని పూర్తిగా నింపుట లేక పూర్తిగా ఖాళీ చేయుట మొదటిది. తొట్టిలో చిల్లులు గల అడ్డుగోడలు పెట్టుట రెండవది. నీటికి ఖాళీ చోటు విడువని సిరంజిని వాడుట మూడవది.

నిండుట, ఖాళీ యగుట అను రెండు స్థితులే గల తొట్టిని లెక్కకు ఒక పిసరు తక్కువగా చేసి, మిగిలిన తూకమును సీసముతో సరిపుచ్చవలెను. నడుమ ఎచ్చటనైన ఆపగల సిరంజి తొట్టిని లెక్కకంటె నూటికి పది పాళ్లు పెద్దదిగా, అనగా 365 కు 400 గా చేయవలెను. ఆ అధిక భాగమే నీటి మార్పులకు అక్కరకు వచ్చును.

నీరంతయు ఒకటి కాదు

చెరువులో చక్కగా మునిగిన నౌక సముద్రతీరమున మునుగకపోవచ్చును. సముద్రజలము ఘన సెంటీమీటరునకు సుమారు 1.025 గ్రాములు తూగును. మన నౌక అచ్చట మునుగుటకు 2300 కు బదులు 2357 గ్రాములు తూగవలెను. ఖాళీ నౌక 1935 గాన తక్కిన 422 గ్రాములు తొట్టి తేవలెను. ఉప్పునీరే తొట్టిలో చేరును గనుక దానికి 412 ఘన సెంటీమీటర్లు పట్టును. 365 తొట్టియే కాదు, 400 తొట్టియు చాలదు. ఆ కొరతను మేని లోపల సీసముతో తీర్చవలెను. గోదావరి, కృష్ణ మొదలగు నదులు కలియు చోట్ల ఉప్పు తక్కువగా నుండును గాన, నౌకను తీసికొనిపోయిన చోటనే తూకమును సరిచూడవలెను.

వేడిమి కూడ కొంత భేదము చేయును. 20 డిగ్రీల సెంటీగ్రేడులో నీరు 0.998 గ్రాములు, 35 డిగ్రీలలో 0.994 గ్రాములు తూగును. 2300 ఘన సెంటీమీటర్లకు ఇది తొమ్మిది గ్రాములు. ఎండకు గొట్టము కూడ కొంత ఉబ్బును గాన నిజమైన భేదము దీనికంటె తగ్గును. అయినను ఉదయమున అతి సూక్ష్మముగా తూచిన నౌక మధ్యాహ్నమున మునుగుట కలదు.

ఎల్లప్పుడును పైకి వచ్చునట్లు

నౌకను సరిగా నీటి బరువుతో సమానము చేసి నడుమ నిలుపుదమని కొందరు ప్రయత్నింతురు. నీటిని నొక్కిన అది యించుమించు కుంచింపదు. కావున ఒక్క గ్రాము బరువైన నౌకకు నడుమ నిలుచుటకు చోటులేదు, అడుగు వరకు పోవును. పోయిన కొలది నీటి పీడనమునకు మేను కొంచెము నొక్కబడి ఇంకను బరువైనట్లగును. కనుక తొట్టి నిండిన పిదప కూడ నౌకను పది గ్రాముల మేర తేలికగా నుంచవలెను. గోపురపు కొన మాత్రము నీటిపై కనబడును. అప్పుడు మోటారు నడిపి, ప్రక్క రెక్కలను క్రిందికి వంచిన నౌక నీటిలోనికి చొచ్చుకొనిపోవును. బ్యాటరీ అయిపోయిన, మోటారు ఆగిన, అది తనంతట తాను పైకి వచ్చును. జాన్ హాలండు నిర్మింపగా 1900లో అమెరికా నౌకాదళము కొనిన జలాంతర్గామి ఈ పద్ధతినే అనుసరించెను: కొంచెము తేలికగా నుండి, రెక్కల బలముతో మునుగుట. బుష్నెల్ కూడ తన నౌక అడుగున 200 పౌండ్ల సీసమును ఆపదలో జారవిడుచునట్లు అమర్చెను.

పెద్ద నౌకలలో ఇదే లెక్క

విశాఖపట్టణమున రామకృష్ణా బీచి యొద్ద 'కుర్సురా' అను జలాంతర్గామిని ప్రదర్శనశాలగా నుంచినారు. అది 1969లో భారత నౌకాదళమున చేరి, 2001లో విరమించి, 2002 నుండి ప్రజలకు చూపబడుచున్నది. ఆ తరగతి నౌకలు తేలునప్పుడు సుమారు 1950 టన్నుల నీటిని, మునిగినప్పుడు సుమారు 2475 టన్నుల నీటిని తొలగించును. ఈ రెంటి భేదము 525 టన్నులు. అదియే దాని తొట్ల లెక్క. ఆ తొట్లు లోపలి బలమైన మేనికిని వెలుపలి మేనికిని నడుమ నున్నవి. కావున లోపల నడచి చూచువారికి అవి కనబడవు. మొత్తములో ఇది నూటికి 21 పాళ్లు. మన బొమ్మ నౌకలో 365 నూటికి 16 పాళ్లు. పెద్ద నౌక సముద్రపు అలలలో పైన తేలుచు ప్రయాణము చేయవలెను గనుక దానికి ఆ యెత్తు అవసరము. చెరువులో నడచు బొమ్మకు అంత అక్కరలేదు.

ఈ లెక్క తప్పిన పెద్దలకును నష్టము తప్పదు. స్పెయిను దేశము నిర్మించుచున్న ఎస్-80 తరగతి జలాంతర్గామి తన పరిమాణమునకు 70 టన్నులకు పైగా అధికభారము గలదని 2013లో బయటపడెను. మునిగిన పిదప నమ్మకముగా పైకి రాగలదా యను సందేహము కలిగెను. అప్పుడు వారు చేయగలిగిన దేమి? బరువును తగ్గించుట సాధ్యము కాక, మేనినే సుమారు 10 మీటర్లు పొడిగించి ఘనపరిమాణమును పెంచిరి. అందు మొదటి నౌక 'ఐజాక్ పెరాల్' 2021లో జలప్రవేశము చేసి, 2023 నవంబరులోగాని నౌకాదళమునకు అప్పగింపబడలేదు. మన గొట్టపు బొమ్మకును ఆ మహానౌకకును న్యాయ మొక్కటియే: బరువునకు తగిన పరిమాణము, పరిమాణమునకు తగిన బరువు.

విద్యార్థులకు చివరి మాట

ఈ పనికి పూనుకొను విద్యార్థులు ఈ క్రమమును పాటింపవలెను. మొదట నీటిగీతను నిర్ణయింపుడు. దానినిబట్టి తొట్టిని లెక్కింపుడు. పిదప తొట్టి చోటును గుర్తింపుడు. సీసమును అన్నిటికంటె తరువాత వేయుడు. మూతలను జిగురుతో అతుకుటకు ముందు స్నానపు తొట్టిలోనో, ఇంటి నీళ్ల గోలెములోనో పరీక్షింపుడు. మొదటిసారి చెరువులో విడుచునప్పుడు నౌక ముక్కునకు సన్నని దారము కట్టి విడువుడు. నౌక మునిగిపోయినచో దారము పట్టి లాగవలెనే గాని, దాని వెంట ఎవరును నీటిలో దిగరాదు. నూతి యొద్దకును చెరువు యొద్దకును పెద్దవారు తోడు లేక పోవనే రాదు. బొమ్మ పోయిన మరల చేయవచ్చును.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ బిడ్డ సీసపు ముక్కలను తూచుచు, కాగితముపై సంఖ్యలు వ్రాయుచు గంటలు గడుపుచున్న ఆటలో కాలము వృథా చేయుచున్నాడని కోపపడకుడు. పరీక్షకై కంఠస్థము చేసిన ఆర్కిమిడీస్ సూత్రము పరీక్ష తీరగానే మరపునకు వచ్చుట కలదు. 2300 లో 1935 తీసివేసి, మిగిలిన 365 ఘన సెంటీమీటర్ల తొట్టిని స్వహస్తములతో చేసి, దానితో నౌక మునిగి మరల పైకి వచ్చుట కన్నులార చూచిన విద్యార్థి దానిని జన్మలో మరువడు. సీసపు ముక్కలు మాత్రము చేతులు కడుగుకొనక అన్నమునకు కూర్చుండనీయకుడు, సీసము విషము.